తవక్కుల్ (అల్లాహ్ మీద భారం వేయడం) అంటే ప్రయత్నం ఆపేయడమా? అబ్బాకి (నాన్నకి) ఎలా చెప్పాలి?

అస్సలాము అలైకుమ్. మాది చిత్తూరు దగ్గర పల్లె. 2025 సీజన్‌లో తోతాపురి మామిడి ధర పడిపోయి, కౌలు తోటలో కోత కూలీ కూడా రాక, అబ్బా మీద నాలుగు లక్షల అప్పు పడింది. అప్పటినుంచి ఆయన పనికి పోవడం లేదు, షుగర్ మాత్రలు కూడా ఆపేశారు, ఏమన్నా అంటే "అంతా అల్లాహ్ చూసుకుంటాడు, నీకే ఈమాన్ (విశ్వాసం) తక్కువ" అంటారు. ఐదు పూటలా నమాజ్ మాత్రం తప్పరు. రాత్రి సజ్దాలో (నేలకు నుదురు ఆనించి) ఆయన ఏడుస్తుంటే పక్క గదిలోకి వినబడుతుంది.

నేనూ నమ్ముతాను. ఖురాన్ 94వ సూరాలో (అధ్యాయంలో) కష్టంతో పాటే సులువు ఉందని 5, 6 ఆయతుల్లో (వాక్యాల్లో) వెంటవెంటనే రెండుసార్లు ఉంది, ఫజర్ (తెల్లవారుజాము నమాజ్) తర్వాత అది చదువుకుంటేనే నాకు ఆ రోజు గడుస్తుంది. కానీ ఒంటెను కట్టేసి అప్పుడు అల్లాహ్ మీద భారం వేయమని ప్రవక్త (స) చెప్పిన హదీసు తిర్మిజీ అనే హదీసు గ్రంథంలో ఉంది కదా, రోగానికి వైద్యం చేయించుకోమని కూడా చెప్పారు కదా! ఇదంతా నేనంటే, కూతురు నాకు దీన్ (మతం) నేర్పిస్తోందా అని కోపం.

అప్పుల్లో మునిగినవాళ్లకు జకాత్ (ఇస్లాంలో తప్పనిసరి దానం) ఇవ్వొచ్చని 9వ సూరా 60వ ఆయతులో ఉంది, అడుగుదామంటే పరువు పోతుందంటారు.

ఇలాంటిది మీ ఇంట్లో జరిగిందా? ఎవరు చెబితే విన్నారు, ఇమామ్ సాబ్‌తో చెప్పించాలా, ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలా? మాత్రలు ఆపి రెండు నెలలైంది, చాలా టెన్షన్‌గా ఉంది. దుఆ కూడా చేయండి.