చలికాలంలో గోబర్ గ్యాస్ తగ్గిపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. మాది ఆదిలాబాద్ వైపు పల్లెటూరు. ఇంటి వెనక 2 క్యూబిక్ మీటర్ల దీనబంధు రకం (భూమిలో గుండ్రటి డోముతో కట్టేది) గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంది, నాలుగు బర్రెలు, రోజుకు 50 కిలోల దాకా పెండ వస్తుంది, దానికి సమానంగా నీళ్లు కలిపి పొద్దున్నే పోస్తాం. ఎండాకాలం రెండు పూటలా వంట అయిపోయి ఇంకా గ్యాస్ మిగులుతుంది. ఇప్పుడేమో అన్నం ఉడికేసరికే మంట సన్నబడిపోతోంది, పప్పు మళ్లీ కట్టెల పొయ్యి మీదే, ఆ పొగకు దగ్గుతూ మా అమ్మ నన్ను తిడుతోంది. లోపలి సూక్ష్మజీవులకు 35 డిగ్రీల వేడి బాగా సరిపోతుందని, చలికి అవి మందగిస్తాయని తెలుసు. మా దగ్గర రాత్రిళ్లు 10 డిగ్రీల కిందికి పోతుంది మరి. పైపులో చేరిన నీళ్లు తీసేశాను, బర్నర్ రంధ్రాలు శుభ్రం చేశాను, సబ్బు నురగ పెట్టి చూస్తే లీకు కూడా లేదు.

డోము మీద గడ్డి మందంగా పరిస్తే చాలా, పైన పాలిథిన్ షీటు కూడా కప్పాలా? ఎండకు వేడెక్కిన నీళ్లతో మధ్యాహ్నం పూట కలిపి పోస్తే తేడా ఉంటుందా? మిగిలిన అన్నం, కూరగాయల తొక్కులు వేయమని ఒకాయన అన్నాడు గానీ, పులిసిపోయి అసలుకే మోసం వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది, ఎంతవరకు వేయొచ్చు? సిలిండర్ కొనుక్కో అని మాత్రం చెప్పకండి, ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఇది కట్టించింది.