కార్వింగ్‌కు స్నోబోర్డు ఎంత పొడవుండాలి? గడ్డం కొలత నమ్మవచ్చా?

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

కార్వింగ్ అంటే బోర్డును ఒక అంచు మీద ఒరిగించి, పక్కకు జారకుండా మలుపు తిరగడం. ఈ ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్లాను. అద్దె దుకాణంలో బోర్డును నా ముందు నిలబెట్టి, కొన గడ్డానికి తగిలిందని చూసి, "ఇదే మీ కొలత" అని చేతిలో పెట్టారు. 156 సెంటీమీటర్లది. నా ఎత్తు 178, బరువు 74 కిలోలు, బూట్ల సైజు 11. బూట్లు మాత్రం సొంతవి.

గొండోలా (కేబుల్ కారు) దిగువ వాలులో, ఉదయం మంచు ఇంకా గట్టిగా ఉండగా, కాలివేళ్ల వైపు మలుపు చక్కగా కుదిరింది. మడమ వైపు తిరిగినప్పుడే సమస్య. కొంత దూరం అంచు బాగానే పట్టేది, ఇంకాస్త ఒరిగేసరికి ఒక్కసారిగా వదిలేసేది. మూడు రోజులూ ఇదే తంతు.

వచ్చే శీతాకాలానికి బోర్డు కొనుక్కోవాలి. నా వాదన ఇది: ఎత్తును బట్టి బోర్డు ఇవ్వడం తప్పు. కావిడి బద్ద మోసే బరువుకు వంగుతుంది, మోసేవాడి ఎత్తుతో దానికి పనిలేదు. బోర్డూ అంతే. చాలా కంపెనీల పట్టికల్లో 70–75 కిలోల వారికి 156 నుంచి 159 దాకా చూపిస్తున్నారు. అయితే ఆ లెక్కన నాకు ఇచ్చిన బోర్డు సరైనదే కావాలి. మరి ఎందుకు జారింది? మిత్రులు 162 తీసుకోమంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

గంటస్తంభం, విజయనగరం

162 తీసుకోండి, ఇంకో ఆలోచన వద్దు. డెన్వర్‌లో ఆరు శీతాకాలాలు ఉండి వచ్చాను. 76 కిలోల బరువు, బూట్లు పదో సైజు. మొదటి రెండేళ్లు నాదీ 156 బోర్డే, మీదీ నాదీ ఒకే బాధ. 162కు మారిన మొదటి రోజే మడమ మలుపు నిలబడింది. పొడవు పెరిగితే మంచును పట్టే అంచు పెరుగుతుంది. కర్రు అరిగిన నాగలితో దుక్కి లోతుగా పడదు కదా. వేగం పెరిగాక పొట్టి బోర్డు ముందు భాగం కొట్టుకుంటుంది. అది ఒక్కసారి అనుభవించినవారు మళ్లీ పొట్టి బోర్డు జోలికి వెళ్లరు.

పలాస జవాను

నేను స్నోబోర్డు ఎక్కలేదు, స్కీలు ఎక్కాను. సర్వీసులో ఉండగా గుల్మార్గ్‌లోని హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌లో శిక్షణ పొందాను. మా ఉస్తాద్ చేయి పైకెత్తి నిలబడమని, మణికట్టును అందే స్కీలు ఇచ్చేవారు. రెండు మీటర్లు దాటేవి. పొడవు ఎక్కువైతే పట్టు ఎక్కువ అనే అప్పట్లో అందరి నమ్మకం.

1993లో స్లొవేనియాకు చెందిన ఎలాన్ కంపెనీ ఎస్‌సీఎక్స్ అనే స్కీలు తెచ్చింది. కొనలు వెడల్పు, నడుము బాగా సన్నం. ఆ తర్వాత ఆట తీరే మారిపోయింది. ఇవాళ ప్రపంచ కప్ స్లాలమ్‌లో (దగ్గరదగ్గరగా నాటిన గడల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పోటీ) పురుషుల స్కీకి కనీస పొడవు 165 సెంటీమీటర్లే. పొడవు తగ్గింది, మలుపు మాత్రం ఇంకా పదునెక్కింది. కాబట్టి గంటస్తంభం గారి మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. పక్క అంచు లోపలికి ఎంత వంపు తిరిగి ఉందో చూడకుండా పొడవు గురించి మాట్లాడితే ప్రయోజనం లేదు.

గంటస్తంభం, విజయనగరం

జవాను గారూ, స్లాలమ్ చెప్పి, గడలు దూరదూరంగా ఉండే జెయింట్ స్లాలమ్ వదిలేశారు. స్నోబోర్డు ప్యారలల్ జెయింట్ స్లాలమ్‌లో పురుషులు 180 సెంటీమీటర్లు దాటిన బోర్డులు వాడతారు. కార్వింగ్ తప్ప మరొకటి లేని పోటీ అది. అక్కడ ఎవరూ పొట్టి బోర్డుతో దిగరు.

చంపావతి, విజయనగరం

ఇద్దరూ చెప్పినవి నిజాలే. అయితే నాగావళి గారి ప్రశ్నకు జవాబు ఆ రెండింటిలోనూ లేదు. నేను ఫిజిక్స్ పాఠాలు చెబుతాను, నాలుగేళ్లుగా బోర్డు మీద ఉన్నాను. కాస్త లెక్క వేయనివ్వండి.

బోర్డు ఎంత ఒరిగితే మలుపు అంత చిన్నదవుతుంది. సైడ్‌కట్ (జవాను గారు చెప్పిన పక్క అంచు వంపు) వ్యాసార్ధాన్ని ఒరిగిన కోణం కొసైన్‌తో గుణిస్తే మలుపు వ్యాసార్ధం సుమారుగా వస్తుంది. సైడ్‌కట్ 8 మీటర్లయితే 45 డిగ్రీల దగ్గర మలుపు 5.7 మీటర్లు. వాలు ప్రభావం పక్కన పెడితే ఆ కోణంలో నిలదొక్కుకోవడానికి గంటకు 27 కిలోమీటర్ల వేగం కావాలి. సైడ్‌కట్ 10 మీటర్లయితే 30 కావాలి. జెయింట్ స్లాలమ్‌లో వేగమూ, మలుపులూ పెద్దవి, అందుకే అంత పొడవైన బోర్డులు. మన వాలుకు, మన వేగానికి ఆ పోలిక పనికిరాదు.

ఇక పొడవు అంకె. పెట్టె మీద రాసేది కొన నుంచి కొన దాకా ఉన్న కొలత. కార్వింగ్‌లో మంచును తాకేది మధ్యలోని అంచు మాత్రమే. ముక్కు బాగా పైకి లేచిన 158 బోర్డు కన్నా, కొనల దాకా క్యాంబర్ (నేల మీద పెడితే మధ్య భాగం పైకి లేచి ఉండే వంపు) ఉన్న 154 బోర్డుకే ఎక్కువ అంచు ఉండవచ్చు. కొనేటప్పుడు ఎఫెక్టివ్ ఎడ్జ్, అంటే మంచును నిజంగా తాకే అంచు పొడవు, ఎంతో అడగండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నాగావళి గారూ, మీ పాదం పెద్దది. పదకొండో సైజు స్నోబోర్డు బూటు బయటి కొలత 33 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మామూలు 156 బోర్డు వెడల్పు నడుము దగ్గర 25, బైండింగ్ (బూటును బోర్డుకు పట్టి ఉంచే బిగింపు) బిగించే చోట 26 ఉంటుందనుకుందాం. పాదాన్ని 15 డిగ్రీలు తిప్పి పెట్టినా బూటు బోర్డుకు అడ్డంగా దాదాపు 32 సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. అంటే 6 సెంటీమీటర్లు బయటికి పొడుచుకొస్తాయి. సరిగ్గా మధ్యలో బిగిస్తే రెండు వైపులా మూడేసి. బూటు అడుగు అంచు కన్నా సుమారు రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఈ లెక్కన బోర్డు 40 డిగ్రీలు ఒరగగానే బూటు మంచుకు తగులుతుంది. అద్దె బోర్డు కనుక మధ్యలో బిగించకుండా మడమ వైపు నాలుగు, వేళ్ల వైపు రెండు వదిలి ఉంటే, మడమ వైపు 32 డిగ్రీలకే తగులుతుంది. తగిలిన బూటు మీటలా పనిచేసి అంచును మంచులోంచి పైకి లేపేస్తుంది. "ఒక్కసారిగా వదిలేసేది" అన్నారు చూడండి, దాని లక్షణం అదే. పొడవు చాలకపోతే పట్టు కొద్దికొద్దిగా సడలుతుంది, ఇలా తెగినట్టు పోదు.

ఆ రోజు మంచు మీద పడిన మీ గీత ఫోటో ఏదైనా ఉందా?

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

ఉంది. రాత్రి ఫోనులో పెద్దది చేసి చూశాను. మొదట చాకుతో కోసినట్టు సన్నని గీత ఉంది. సగం మలుపు దాటాక దాని పక్కనే, రెండు వేళ్ల దూరంలో, బొంగరం దొర్లినట్టు మరో గాడి మొదలైంది. అక్కడి నుంచి ఒక బారెడు దూరం రెండూ పక్కపక్కనే సాగాయి. ఆ తర్వాత సన్నని గీత మాయమై, చీపురుతో ఊడ్చినట్టు వెడల్పాటి మరక మిగిలింది. ఫిబ్రవరి నుంచి ఈ ఫోటో నా దగ్గరే ఉంది, ఆ రెండో గాడిని గమనించనే లేదు.

బూటును గచ్చు మీద పెట్టి టేపుతో కొలిచాను. 33.2 వచ్చింది.

చంపావతి, విజయనగరం

అయితే సందేహం లేదు. గంటస్తంభం గారూ, ఒక సహాయం చేయండి. మీ రెండు బోర్డుల నడుము కొలిచి చెప్పగలరా? బైండింగ్‌ల మధ్య బాగా సన్నగా ఉన్న చోట.

గంటస్తంభం, విజయనగరం

కొలిచాను. పాతదాని నడుము 25.1, 162 బోర్డుది 26.1. నా బాధ పోవడానికి ఆ సెంటీమీటరు కారణం కావచ్చని ఒప్పుకుంటున్నాను. ఒకే నమూనాలో పొడవుతో పాటు వెడల్పూ పెంచుతారు కాబట్టి రెండింటినీ విడదీసి చూడాలని నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. అయినా గరుకైన మంచు మీద వేగంగా వెళ్లేటప్పుడు 162 ఇచ్చే నిలకడ వేరు. ఆ మాట వెనక్కి తీసుకోను.

చంపావతి, విజయనగరం

తీసుకోనక్కర్లేదు, వేగం దగ్గర మీ మాటే సరైనది. కానీ ఆయన కొనుక్కోవలసిన వరస ఇది అని నా అభిప్రాయం: ముందు బూటుకు తగిన నడుము, తర్వాత బరువుకు తగిన గట్టిదనం, పొడవు చివర. 26.5 నడుమున్న 159 వైడ్ బోర్డు తీసుకుని, రెండు పాదాలూ ముందుకే 27, 21 డిగ్రీలు తిప్పి, బూట్లను సరిగ్గా మధ్యలో బిగిస్తే 55 డిగ్రీల దాకా ఏదీ తగలదు. వెడల్పు మరీ పెంచకండి, ఒక అంచు నుంచి మరో అంచుకు మారడం నెమ్మదిస్తుంది.

పలాస జవాను

గుల్మార్గ్ గురించి ఒక మాట. అక్కడ చదును చేసిన వాలు తక్కువ, పైన అఫర్వట్ శిఖరం మీదంతా మెత్తటి లోతు మంచు. కార్వింగ్ కోసమే గట్టి బోర్డు కొనేస్తే మిగతా రోజులు కష్టపడతారు. ముందు అద్దెకు తీసుకుని చూడండి. 159 వైడ్, 162 రెండూ ఒకే ఉదయం, ఎండ ఎక్కి మంచు మెత్తబడక ముందే, ఒకే వాలులో. రెండింటి గీతల ఫోటోలూ ఇక్కడ పెట్టండి.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

అలాగే చేస్తాను. ఈసారి టేపు వెంట తీసుకెళ్తున్నాను. బోర్డు చేతికి ఇవ్వగానే గడ్డం దగ్గర కాదు, నడుము దగ్గర కొలుస్తాను. గంటస్తంభం గారూ, జనవరి ఆఖరుకు ఖాళీ ఉంటే మీరూ రండి. మీ 162 బోర్డు కూడా తెండి.