నలభై దాటాక వీణ: సాధనకి లక్ష్యం ఎలా పెట్టుకుంటున్నారు?

గీతాల_దగ్గర (హైదరాబాద్):
ఆఫీసు, ఇల్లు చూసుకుంటూ వీణ నేర్చుకుంటున్నాను. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అనే మొదటి పాఠాలు అయ్యాయి. ఇప్పుడు మలహరి రాగంలో గీతాలు (చిన్న పాటలు) నడుస్తున్నాయి. రోజూ గంట అని పెట్టుకుని కూర్చుంటున్నాను. గంట గడుస్తోంది కానీ నిన్నటికీ ఈరోజుకీ ఏం మెరుగైందంటే చెప్పలేను. పిల్లలకైతే పరీక్షలు, పోటీలు ఉంటాయి. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్లు దేన్ని లక్ష్యంగా పెట్టుకుంటున్నారో చెప్పండి.

కమాను_విశాఖ:
నాది వయొలిన్ అండి. లక్ష్యం నిమిషాల్లో కాదు, చెవికి తెలిసేలా పెట్టుకుంటాను. ఈ వారం నా పని మాయామాళవగౌళ రాగంలో రిషభం (రి), అంతే. అది షడ్జానికి (స) బాగా దగ్గర. వయొలిన్‌కి వీణలా స్వరం చోటు చూపే మెట్లు ఉండవు కాబట్టి వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. తంబురా యాప్ పెట్టుకుని స-రి-స మెల్లగా, కమాను ఈ చివర నుంచి ఆ చివరికి లాగుతాను. దిగి వచ్చిన షడ్జం తంబురాలో కలిసిపోయి విడిగా వినపడకపోతే ఆరోజు పని అయినట్టే. మిగతా టైమ్‌లో వచ్చిన పాఠాలు హాయిగా వాయించుకుంటాను. గ-మ, ప-ధ, ని-స కూడా అలాంటి జతలే, కాబట్టి తర్వాతి వారాలకీ పని ఉంది.

పనసకొయ్య (విజయనగరం):
వీణ మీద స్వరస్థానాన్ని చాలావరకు మెట్లే చూసుకుంటాయి. 24 మెట్లూ మైనంలో కదలకుండా కూర్చుని ఉంటాయి. అందుకని గీతాల దశలో మనం పట్టించుకోవాల్సింది మీటు (తీగని మీటే తీరు), కాలం (వేగం).

మొదటి కాలంలో తాళం దెబ్బకి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మెట్రోనోమ్ 60 మీద, అంటే నిమిషానికి 60 దెబ్బల మీద పెడితే మూడో కాలంలో సెకనుకి నాలుగు స్వరాలు పలకాలి. మొదటి కాలం సుఖంగా ఉందని 70 మీద ఎత్తుకుంటే మూడో కాలంలో చేయి చిక్కుబడుతుంది. అందుకని వెనక నుంచి రండి. మూడో కాలం ఎక్కడ శుభ్రంగా పలుకుతోందో ముందు చూసుకోండి. అది 40 అయితే మూడు కాలాలూ 40 మీదే. చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి మీటినా రెండింటి నాదం ఒకేలా ఉండాలి. ఎడమచేతి వేలు తర్వాతి స్వరం పలికే ముందే మెట్టు మీద నుంచి లేవకూడదు. ఆ రెండూ కుదిరాక 44. రాసిపెట్టుకోవాల్సింది ఈ అంకె. ఎన్ని గంటలు కూర్చున్నామో ఎవరికి కావాలి?

40 మీద మొదటి కాలం కష్టమేనండి. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఎక్కువై తొందరపడిపోతాం. ఆ తొందర తగ్గించుకోవడం కూడా సాధనే. తీగ కోసుకుని వేలి కొస మంట పుడితే మాత్రం ఆపేయండి. గంటని పొద్దున కాసేపు, రాత్రి కాసేపుగా చేసుకుంటే వేళ్లకీ మనసుకీ మంచిది.

వేణువు_న్యూజెర్సీ:
మాది ఆన్‌లైన్ క్లాసు. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి మాస్టారితో కలిపి వాయించే వీలు లేదు. శనివారానికి ఒక్క రికార్డింగ్ పంపాలన్నదే నా లక్ష్యం. ఎక్కడ తప్పినా ఆపకుండా ఒకే టేకులో తీయాలి. పంపేముందు మనం విన్నప్పుడే సగం తెలిసిపోతుంది. వేణువులో నాకు ఊపిరి ఎక్కడ తెగుతోందో ఫోనులో వింటే గానీ పట్టుబడలేదు.

ఆరాధన_గోష్ఠి (రాజమండ్రి):
నేను కాస్త వేరేగా అంటాను. ఒక తేదీ కూడా ఉండాలి. నాకది పుష్య బహుళ పంచమి, త్యాగరాజ ఆరాధన. ఆరోజు అందరూ కలిసి పాడే త్యాగరాజ పంచరత్న కృతులు అయిదూ ఆది తాళమే అయినా నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలు అయిదూ ఒకేసారి తలకెత్తుకోలేం. మా టీచర్ గారు నాట రాగంలోది ఒక్కటి ఇచ్చి, దానికే గోష్ఠిలో (బృందంలో) కూర్చోమన్నారు, మిగతావి వింటూ తాళం వేయమన్నారు. తేదీ ఉంటే ఒంట్లో బాగోలేని రోజున కూడా వాద్యం బయటికి తీస్తాం. పరీక్ష ఇష్టమైనవాళ్లకి హైదరాబాద్ రామకోటిలోని త్యాగరాజ సంగీత కళాశాల లాంటి చోట్ల సర్టిఫికెట్ కోర్సులూ ఉన్నాయి.

పనసకొయ్య:
తేదీ మంచిదే, ఏది వాయించాలో గురువు చెబితే. మనంతట మనం "దసరాకి వర్ణం" (గీతాల కంటే పై పాఠం) అనుకుంటే చేయి తయారు కాకుండానే పాఠం పరిగెడుతుంది. ఆ టెన్షన్ మీటులో వినపడుతుంది కూడా.

గీతాల_దగ్గర:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి పనసకొయ్య గారు చెప్పినట్టే వెనక నుంచి వచ్చాను. నాకు మూడో కాలం దాకా వెళ్లనక్కర్లేదు, రెండో కాలంలోనే ఒకచోట తడబడుతోంది. మలహరి ఆరోహణలో (స్వరాలు పైకెక్కే వరసలో) గాంధారం (గ) లేదు కదా, రిషభం నుంచి మధ్యమానికి (మ) గెంతేటప్పుడు వేలు తప్పుతోంది.

పనసకొయ్య:
అయితే ఈ వారం గీతం మొత్తం వద్దండి, రి-మ-ప ఒక్కటే. రిషభం మెట్టు నుంచి మధ్యమం నాలుగో మెట్టు. ఎడమచేతి రెండు వేళ్లూ విడదీయకుండా, తీగ మీద నుంచి పూర్తిగా ఎత్తకుండా జరపండి. రిషభం మోగుతుండగానే చూపు మధ్యమం మెట్టు మీదికి వెళ్లాలి. 40 మీద కుదిరాక ముందు స, వెనక ధ కలపండి. చేయి పెట్టే తీరు మీ టీచర్ గారికి ఒకసారి చూపించుకోండి.