‘భౌతిక రసాయన శాస్త్రం’: ఒక శాస్త్రమా, రెండు శాస్త్రాలా?

ప్రూఫ్‌రీడర్:
అందరికీ నమస్కారం. ఒక సమాసం విషయంలో స్పష్టత కావాలి. పదో తరగతి పుస్తకం అట్ట మీద ‘భౌతిక రసాయన శాస్త్రం’ అంటే ఫిజిక్సు, కెమిస్ట్రీ కలిసిన సబ్జెక్టు. డిగ్రీ రసాయన శాస్త్రంలో అవే మూడు మాటలు, అదే వరసలో, ఫిజికల్ కెమిస్ట్రీ అనే ఒక్క శాఖకు పేరు. రెండూ ఒకే వ్యాసంలో వస్తే పాఠకుడికి తేడా ఎలా తెలపాలి? కామాతోనా, చిన్న గీతతోనా, మరో మాటతోనా? జీవ రసాయన, భూ భౌతిక, ఖగోళ భౌతిక వంటి పేర్లలో ఏ మాట దేనికి లోబడుతుందో తెలుసుకునే పద్ధతి ఏమైనా ఉంటే అదీ చెప్పండి.

తెలుగు పండిట్:
విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విప్పి చెప్పే వాక్యం, రాసుకుంటే చిక్కు విడిపోతుంది. బడి పుస్తకం మీది పేరు ‘భౌతిక శాస్త్రమును, రసాయన శాస్త్రమును’. లోపల ఉన్నది ద్వంద్వం, అంటే రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం ఉన్న సమాసం. డిగ్రీలోని పేరు ‘భౌతికమైన రసాయన శాస్త్రం’. అది విశేషణ పూర్వపద కర్మధారయం, అంటే ముందు మాట వెనక మాటకు విశేషణంగా ఉండే సమాసం.

ద్వంద్వంలో ‘శాస్త్రం’ ఒక్కసారే వినబడినా రెంటికీ ఎలా అన్వయిస్తుందని అడగవచ్చు. దీనికి సంస్కృతంలో ఒక న్యాయం ఉంది: ‘ద్వంద్వాంతే శ్రూయమాణం పదం ప్రత్యేకమభిసంబధ్యతే’. ద్వంద్వం చివర వినబడే మాట ముందున్న ఒక్కొక్క పదంతోనూ విడివిడిగా కలుస్తుందని అర్థం. కాబట్టి బడి పుస్తకం పేరు అన్వయానికి తప్పు కాదు. లోపమల్లా వచనంలో ఉంది. రెండు వస్తువులు చెప్పే ద్వంద్వం తెలుగులో బహువచనం కోరుతుంది. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, రామలక్ష్మణులు అంటామే తప్ప ‘తల్లిదండ్రి వచ్చాడు’ అనం. అలాగే ‘భౌతిక, రసాయన శాస్త్రాలు’ అనాలి. ఏకవచనంలో ‘శాస్త్రం’ అనగానే చదివేవారి మనసు సహజంగా ఒక్క శాస్త్రం వైపే పోతుంది.

సబ్‌ఎడిటర్:
పండిట్ గారూ, బహువచనం సూత్రం బాగుంది. అయితే అది సమాసం చివర ఉన్నప్పుడే పని చేస్తుంది. వెనక ఇంకో మాట తగిలిందంటే బహువచనం మాయమవుతుంది. ‘భౌతిక రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు’ అన్నప్పుడు శాస్త్రం ఒకటో రెండో గుర్తు పట్టే వీలే లేదు. ఉద్యోగ ప్రకటనల వార్తల్లో దెబ్బ తగిలేది ఇక్కడే. బడి పోస్టుకు రెండు సబ్జెక్టులూ చెప్పేవారు కావాలి. విశ్వవిద్యాలయం పోస్టుకు ఫిజికల్ కెమిస్ట్రీలో ప్రత్యేకత ఉన్నవారు కావాలి. తెలుగు వార్తలో ఇద్దరికీ ఒకే మాట పడుతుంది.

ఇలాంటి చోట సమాసాన్ని కొంచెం విప్పాలి. ‘భౌతిక, రసాయన శాస్త్రాల ఉపాధ్యాయుడు’ అని షష్ఠితో (‘యొక్క’ అర్థమిచ్చే విభక్తితో) రాస్తే వచనం నిలుస్తుంది. రెండో అర్థానికి ‘రసాయన శాస్త్రంలో ఫిజికల్ కెమిస్ట్రీ విభాగం’ అని వాడుకమాటే పెట్టేయడం నయం. చిన్న గీత మీద ఆధారపడకండి. వరస చివర మాట విరిగినప్పుడు వచ్చే గీతకూ దీనికీ తేడా కనబడదు. పైగా కొందరు కర్మధారయానికీ గీత పెడతారు. కామాకు ఒకటే అర్థం.

పైకి చదివేటప్పుడు కూడా ద్వంద్వమైతే ‘భౌతిక’ దగ్గర ఆగాలి. కర్మధారయమైతే ‘భౌతిక రసాయన’ ఒక్క ఊపిరిలో పోవాలి. రేడియో పాఠాలు, శ్రవణ పుస్తకాలు చేసేవారికి ఇది తప్పనిసరి.

కెమిస్ట్రీ లెక్చరర్:
వ్యాకరణం కుదిరింది కనుక విషయం వైపు నుంచి ఒక మాట. ఈ తికమకకు సగం కారణం ‘భౌతిక’ అనే మాటే. భూతం నుంచి భౌతికం వచ్చింది, పంచభూతాల్లోని భూతం. తెలుగులో అది రెండు పనులు చేస్తోంది. భౌతికకాయం, భౌతిక దాడి, భౌతికవాదం అన్నప్పుడు దేహానికో పదార్థానికో చెందినదని అర్థం. భౌతిక శాస్త్రం అన్నప్పుడు పదార్థం, శక్తి, బలం, చలనం చదివే శాస్త్రం. హిందీవారికి శాస్త్రం పేరుగా ‘భౌతికీ’ అనే విడి నామవాచకం ఉంది. మనకు అలాంటిది స్థిరపడలేదు, అందుకే విశేషణమే పేరు మోస్తోంది.

దీనికి తోడు బడిలో ‘భౌతిక మార్పు, రసాయన మార్పు’ అనే పాఠం ఉంది. మంచు కరగడం భౌతిక మార్పు, కాగితం కాలడం రసాయన మార్పు. అది చదివిన విద్యార్థి భౌతిక రసాయన శాస్త్రం అంటే ఈ రెండు రకాల మార్పులూ చెప్పే శాస్త్రం అనుకుంటాడు. కాదు. రసాయన చర్య ఎంత వేగంగా జరుగుతుంది, ఎంతవరకు జరిగి ఆగుతుంది, ఎంత వేడి ఇస్తుంది లేదా తీసుకుంటుంది, ఎంత విద్యుత్తు పుట్టిస్తుంది అన్నవాటిని భౌతిక శాస్త్రపు కొలతలతో, గణితంతో తేల్చే శాఖ ఇది. ఉష్ణగతిక శాస్త్రం, రసాయన గతిశాస్త్రం, విద్యుత్ రసాయన శాస్త్రం, ఉపరితల రసాయన శాస్త్రం అన్నీ దీని కిందివే.

ఒక ఇనుప మేకును తీసుకుని చూడండి. వేడి చేస్తే ఎంత సాగుతుందన్నది భౌతిక శాస్త్రం ప్రశ్న. ఒక మీటరు ఇనుప కడ్డీ 100 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పెరిగినా, వంగినా, అయస్కాంతంగా మారినా అది ఇనుమే. ఆ మేకు తుప్పు పడితే ప్రశ్న రసాయన శాస్త్రానిది అవుతుంది. ఇనుము, ఆక్సిజన్, నీరు మూడూ కలిసి నీటితో కూడిన ఐరన్ ఆక్సైడ్ అనే కొత్త పదార్థం తయారైంది.

సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లలో తుప్పు ఎందుకు తొందరగా పడుతుంది? ఇది ఫిజికల్ కెమిస్ట్రీ ప్రశ్న. తుప్పు పట్టే మేకు ఒక చిన్న విద్యుత్ ఘటం. మేకు మీద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదులుతుంది, ఇంకోచోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. తడిలో ఉప్పు ఉంటే అయాన్లు సులువుగా కదిలి ఆ ఘటం చురుగ్గా పనిచేస్తుంది. జింకు పూత ఎందుకు కాపాడుతుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ అనే కొలత ఎంత రుణంగా ఉంటే ఆ లోహం అంత సులువుగా ఎలక్ట్రాన్లను వదులుతుంది. అది జింకుకు −0.76 వోల్టులు, ఇనుముకు −0.44, తగరానికి −0.14. జింకు పూతకు గీత పడినా ముందు జింకే తరిగిపోతుంది, ఇనుము నిలుస్తుంది. తగరం పూతకు గీత పడితే కథ తిరగబడి, ఆ గీత దగ్గర ఇనుమే మరింత వేగంగా తుప్పు పడుతుంది. భౌతిక శాస్త్రాన్నీ రసాయన శాస్త్రాన్నీ పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఈ లెక్క రాదు. రసాయన చర్యనే భౌతిక కొలతతో చదవాలి. కర్మధారయం చెప్పేది సరిగ్గా ఇదే.

అనువాదకురాలు:
లెక్చరర్ గారి మేకుతో నా పని సులువైంది. ప్రూఫ్‌రీడర్ గారు అడిగిన పద్ధతి ఇది: కర్మధారయమైనా, విభక్తితో విప్పే తత్పురుషమైనా, ‘శాస్త్రం’ పక్కనే ఆనుకుని ఉన్న మాట ఆ శాఖ పుట్టిల్లు. ముందున్న మాట అది పనిచేసే చోటునో పనితీరునో చెబుతుంది. వరస మారిస్తే శాఖే మారిపోతుంది.

జీవ రసాయన శాస్త్రం రసాయన శాస్త్రమే, దాని పదార్థం జీవుల్లోంచి వస్తుంది. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి దీనికి చక్కని నమూనా. రక్తంలోనో మూత్రంలోనో ఉన్న ఫాస్ఫరస్‌ను నీలి రంగుగా మార్చి, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి ఎంత ఉందో లెక్కకడతారు. నమూనా జీవిది, పని రసాయన శాస్త్రానిది. దీన్ని తిప్పి ‘రసాయన జీవశాస్త్రం’ అంటే అది కెమికల్ బయాలజీ. అక్కడ ప్రశ్న జీవకణానిది, రసాయనం పనిముట్టు. రెండూ దగ్గరి చుట్టాలే కానీ ఒకటి కావు.

ఖగోళ శాస్త్రం ఆకాశంలోని వస్తువుల స్థానం, చలనం, స్వభావం అన్నీ చదువుతుంది. ఖగోళ భౌతిక శాస్త్రం భౌతిక శాస్త్రం ఇంటిది: నక్షత్రం ఎంత వేడిగా ఉంది, దేనితో తయారైంది, ఎందుకు వెలుగుతోంది? భారతీయ భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా 1920లో ఇచ్చిన అయనీకరణ సమీకరణం నక్షత్రం వర్ణపటాన్ని దాని ఉష్ణోగ్రతతో ముడిపెట్టింది. హైదరాబాద్‌లో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పేరు కూడా ఇలాగే విప్పాలి. భూమిని గురుత్వం, అయస్కాంతత్వం, భూకంప తరంగాలు వంటి భౌతిక కొలతలతో చదువుతారు.

భూగర్భ శాస్త్రం అన్న పేరు మాత్రం నాకు నచ్చదు. గర్భం అంటే లోపల అని. జియాలజీ నేల మీద కనబడే రాళ్లనూ, నది తెచ్చి వేసిన ఒండ్రునూ కూడా చదువుతుంది. ‘భూవిజ్ఞాన శాస్త్రం’ పరిధికి సరిపోతుంది. భూగర్భ జలాలు అన్నప్పుడు మాత్రం గర్భం తన అర్థంలోనే ఉంది, దాన్ని కదపనక్కరలేదు.

ప్రూఫ్‌రీడర్:
చాలా ఉపయోగం, మేడమ్. పుట్టిల్లు పద్ధతి వెంటనే వాడుకోవచ్చు. అయితే ‘కణ భౌతిక శాస్త్రం’, ‘కణ జీవశాస్త్రం’ రెండూ కణాన్నే చదువుతాయని రాయవచ్చా? ‘అణు జీవశాస్త్రం’లో అణుశక్తి ప్రసక్తి ఉంటుందా?

కెమిస్ట్రీ లెక్చరర్:
రెంటికీ లేదనే జవాబు. ఇక్కడ సమాసం బాగానే ఉంది, లోపలి మాటకే రెండు అర్థాలు. కణ భౌతిక శాస్త్రంలో కణం ఎలక్ట్రాన్, క్వార్క్ వంటి మూలకణం. కణ జీవశాస్త్రంలో కణం జీవకణం, అంటే సెల్. ఒక్క జీవకణంలో ఎలక్ట్రాన్లు, క్వార్క్‌లు ఊహకందనన్ని ఇమిడి ఉంటాయి. సందేహం వచ్చేచోట ‘జీవకణం’, ‘మూలకణం’ అని పూర్తిగా రాస్తే సరిపోతుందనుకుంటే అక్కడా ఒక మెలిక ఉంది. వైద్యం వార్తల్లో మూలకణాలు అంటే స్టెమ్ సెల్స్. అందుకని భౌతిక శాస్త్రం వైపు ‘ప్రాథమిక కణం’ వాడటం క్షేమం.

అణువు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. పాఠ్యపుస్తకాల్లో అణువు అంటే మాలిక్యూల్, పరమాణువు అంటే ఆటమ్. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు. హీమోగ్లోబిన్ అణువులో 4 ఇనుము పరమాణువులు. పత్రికల్లో మాత్రం అణుబాంబు, అణు విద్యుత్తు పాతుకుపోయాయి. నిజానికి ఆ శక్తి పరమాణువు నడుమ ఉన్న కేంద్రకానిది. ఆ అలవాటుతో ‘అణు జీవశాస్త్రం’ చదివిన పాఠకుడు రేడియేషన్ అనుకుంటాడు. అది మాలిక్యులర్ బయాలజీ: డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, ప్రొటీన్ల అణువులు జీవకణంలో ఏం చేస్తాయో చదివే శాఖ. పత్రికలో రాసేటప్పుడు పేరు పక్కనే ‘డీఎన్ఏ, ప్రొటీన్ల స్థాయిలో’ అని నాలుగు మాటలు చేర్చండి. బాంబు, విద్యుత్తు దగ్గర అణువును ఇప్పుడు మార్చబోవడం వృథా శ్రమ. శాఖ పేరు దగ్గర మాత్రం ‘కేంద్రక భౌతిక శాస్త్రం’ అనే రాయాలి.

సబ్‌ఎడిటర్:
వ్యవసాయం పేజీ చూసేవారికి ఇంతకన్నా పెద్ద చిక్కు ‘సేంద్రియ’. ఆర్గానిక్ కెమిస్ట్రీకి పాతపేరు సేంద్రియ రసాయన శాస్త్రం, ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో కర్బన రసాయన శాస్త్రం. ఏది వాడాలి?

కెమిస్ట్రీ లెక్చరర్:
శాఖకు కర్బన, సాగుకు సేంద్రియ. ఇందులో నాకు సందేహం లేదు. సేంద్రియం అంటే ఇంద్రియాలతో కూడినది. జీవుల శరీరంలో మాత్రమే పుట్టే పదార్థాలు అనే పాత నమ్మకం ఆ పేరులో ఉంది. 1828లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త వోలర్ అమ్మోనియం సయనేట్‌ను వేడి చేసి యూరియా తయారు చేశాడు. జీవి ప్రమేయం లేకుండానే మూత్రంలో ఉండే పదార్థం గాజుపాత్రలో వచ్చింది. అప్పటి నుంచి ఆ విభజనకు పునాది సడలింది. మిగిలిన గుర్తు కార్బన్ ఒక్కటే. కర్బనం అన్నది కార్బన్‌నే మన నోటికి ఒదిగించుకున్న మాట. అన్ని కార్బన్ పదార్థాలూ ఈ శాఖలోకి రావు. కార్బన్ డయాక్సైడ్, సున్నపురాయి వంటి కార్బనేట్లు అకర్బన రసాయన శాస్త్రంలోనే ఉంటాయి.

అదే యూరియా ఇవాళ బస్తాల్లో పొలానికి వెళ్తోంది. దాని అణుభారం 60, అందులో నత్రజని 28, అందుకే బస్తా మీద 46 శాతం నత్రజని అని ఉంటుంది. రసాయన శాస్త్రం లెక్కన యూరియా ఆర్గానిక్ సమ్మేళనం. సాగు లెక్కన అది కర్మాగారంలో తయారైన రసాయన ఎరువు, సేంద్రియ సాగులో దానికి చోటు లేదు. ‘యూరియా సేంద్రియ సమ్మేళనం’ అనే వాక్యం రైతు చదివే పేజీలో పడితే ఆయన దాన్ని పశువుల ఎరువు పక్కన పెట్టుకోవచ్చు. ‘కర్బన సమ్మేళనం’ అని రాస్తే ఆ ప్రమాదం లేదు.

తెలుగు పండిట్:
యూరియా ఉదాహరణ వ్యాకరణం పాఠంలో చెప్పదగ్గది. ఒక సవరణ: నేను పైన రాసిన ‘భౌతికమైన రసాయన శాస్త్రం’ అనే విగ్రహం లెక్చరర్ గారి వివరణకు చాలదు. ఆ శాస్త్రం భౌతికమైనది కాదు, భౌతిక శాస్త్ర పద్ధతులతో నడిచేది. కనుక ‘భౌతిక పద్ధతులతో కూడిన రసాయన శాస్త్రం’ అని మధ్యమపదలోపంగా (నడుమ మాట లోపించిన సమాసంగా) విప్పడం మేలు. ప్రూఫ్‌రీడర్ గారూ, మీ వ్యాసంలో తొలిసారి వచ్చినప్పుడు ‘రసాయన శాస్త్రంలో భౌతిక రసాయన శాఖ’ అని రాసి, తరువాత ‘భౌతిక రసాయన శాఖ’ అనే కొనసాగించండి. ‘శాఖ’ అన్నమాట పడితే ఏకవచనం దాని సొంతమవుతుంది. బడి సబ్జెక్టుకు ‘భౌతిక, రసాయన శాస్త్రాలు’. పుస్తకం అట్ట మీది పేరును ఉన్నదున్నట్టు చెప్పాల్సి వస్తే కొటేషన్ గుర్తుల్లో ఏకవచనంతోనే ఉంచండి, దాన్ని మార్చే హక్కు మనకు లేదు.

ప్రూఫ్‌రీడర్:
అలాగే చేస్తాను, పండిట్ గారూ. ‘శాఖ’, ‘శాస్త్రాలు’ రెంటినీ మా శైలి పట్టికలో ఇవాళే చేరుస్తున్నాను. కణం, అణువు, కర్బనం వాటి కింద వస్తాయి. అందరికీ ధన్యవాదాలు.