మాంట్రియల్‌లో రావ్4కి వింటర్ టైర్లు: ఏవి తీసుకోవాలి?

ప్రశ్న: మాది టయోటా రావ్4 ఎస్‌యూవీ, పెట్రోల్ మోడల్, ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందుతుంది). ఇప్పుడున్నవి 225/60ఆర్18 సైజు ఆల్ సీజన్ టైర్లు, మీద ఎం+ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని ఉంది. ఇవి చాలవా? ముందు చక్రాలకు రెండే మారిస్తే?

జవాబు 1: చాలవండీ. మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉందో లేదో చూడండి. ఉత్త ఎం+ఎస్ చెల్లదు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే మామూలు రబ్బరు గట్టిపడి పట్టు తప్పుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది, ఆపదు. ముందు రెండే వేస్తే బ్రేకు తొక్కినప్పుడు ముందు చక్రాలు పట్టుకుంటాయి, వెనక భాగం జారి బండి గిర్రున తిరుగుతుంది. దయచేసి నాలుగూ వేయండి.

జవాబు 2: రిమ్ములతో కలిపి 225/65ఆర్17 తీసుకోండి. బయటి వ్యాసం దాదాపు అంతే, పక్క గోడ ఎత్తు ఎక్కువ కాబట్టి గుంతల్లో రిమ్ముకి దెబ్బ తక్కువ. టైరు పక్కన ఉండే డాట్ కోడ్ (తయారీ వివరాల కోడ్) చివర 3524 అని ఉంటే 2024లో 35వ వారం తయారీ. చక్రాల నట్లు ఎదురెదురుగా 103 న్యూటన్ మీటర్లకు బిగించి, 100 కిలోమీటర్లయ్యాక మళ్లీ చూడాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

జవాబు 3: టైర్లలో గాలి కూడా చూసుకోండి! ఉష్ణోగ్రత ప్రతి 5-6 డిగ్రీలు పడిపోయినప్పుడల్లా గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) తగ్గుతుంది. డ్రైవర్ డోరు స్టిక్కర్ ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే నింపండి.