వేపచెట్టు నీడలో నేలతాడి (నల్ల ముస్లి అంటారే, నేలలో గడ్డ ఉండే చిన్న మందు మొక్క) పెంచుతున్నవాళ్లు ఉన్నారా?

మాది మహబూబ్‌నగర్. ఇంటి వెనక పెద్ద వేప, దాని పక్కనే మామిడి, రెండూ కలిసి మధ్యాహ్నం పన్నెండింటికి కూడా ఎండ పడనివ్వవు, కింద గరిక కూడా నిలవట్లేదు, వాన పడితే ఎర్రమట్టి ఎగిరి గోడంతా పాడవుతోంది. అందుకని పోయిన జూన్‌లో నర్సరీ నుంచి ఆరు నేలతాడి మొక్కలు తెచ్చి పెట్టాను. నల్లమలలో చెట్ల కింద పెరిగేదే కదా అనుకున్నాను. (అడవిలోంచే తవ్వుకు రమ్మని ఒకాయన సలహా ఇచ్చారు. మందుల కోసం ఆ గడ్డల్ని ఇప్పటికే తవ్వేస్తున్నారు, వాళ్లకు నేనూ తోడవ్వడం ఇష్టం లేదు.)

వానాకాలమంతా బాగున్నాయి. బుజ్జి తాటిమొక్కల్లా ఆకులు, నేలకు ఆనుకుని ఆరు రేకుల పసుపు పూలు. ఒక ఆకు కొన మట్టికి తగిలినచోట పిల్ల మొక్క కూడా వచ్చింది! డిసెంబర్ దాటాక అన్నీ ఎండిపోయాయి. టెన్షన్ పడి రోజూ బోరు నీళ్లు పోస్తే రెండు గడ్డలు కుళ్లాయి, వేలితో నొక్కగానే మెత్తగా జారిపోయాయి. మిగతా నాలుగూ గట్టిగానే ఉన్నాయి. మా అమ్మ మాత్రం "అది పండుకుంది, లేపకు" అంటోంది.

ఎండాకాలంలో నీళ్లు పూర్తిగా ఆపేయాలా, పదిహేను రోజులకోసారి కాస్త తడపాలా? రాలిన వేపాకు పైన అలాగే ఉంచొచ్చా? ఇంకోటి, మా బోరు నీళ్లు ఆరాక మట్టి మీద తెల్లగా ఉప్పు తేలుతుంది, కుళ్లింది దానివల్లా, నీళ్లు ఎక్కువైనందువల్లా? ఆకు కొన మట్టిలో గుచ్చి పిల్లలు తీసినవాళ్లుంటే ఎలా చేశారో చెప్పండి, మళ్లీ కొనాలంటే మా ఆయన ఒప్పుకోరు.