వేట రైఫిల్‌కు తూటా ఎంపిక: అరవై గజాలకు ఒకటి, మూడు వందల గజాలకు మరొకటి కావాలా?

ప్రశ్న: ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా

సభ్యులందరికీ నమస్కారం. మా మేనల్లుడు అమెరికాలోని టెక్సాస్‌లో స్థిరపడ్డాడు. అక్కడ తెల్లతోక జింకల వేట చట్టబద్ధమే. నవంబరు మొదటి శనివారం నాడు రైఫిల్ వేట కాలం మొదలవుతుంది. ఆ సమయానికి నేను మా చెల్లెలితో కలిసి సందర్శకుల వీసా మీద అక్కడికి వెళ్తున్నాను కాబట్టి, తనతో వేటకు రమ్మని అడుగుతున్నాడు. తుపాకీతో నా పరిచయం ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో పాతిక గజాల దూరాన ఉన్న కాగితాన్ని కాల్చడం వరకే.

వాడి దగ్గర ఉన్నది .308 విన్‌చెస్టర్ రైఫిల్. వాళ్లు వేటాడే పొలంలో ఒక మంచె తుప్పల మధ్య ఉంది. అక్కడ జింక అరవై గజాల లోపే కనిపిస్తుంది. రెండో మంచె పైపులైను కోసం చదును చేసిన బాట చివర ఉంది. అక్కడ మూడు వందల గజాల దాకా చూపు ఆనుతుంది. దగ్గరి మంచెకు 180 గ్రెయిన్ల తూటాలు (గ్రెయిన్ అంటే తూటాలోని గుండు బరువుకు కొలత), దూరపు మంచెకు 168 గ్రెయిన్ల మ్యాచ్ తూటాలు, అంటే గురి పోటీల తూటాలు, కొనాలని వాడి ఆలోచన. దూరాన్ని బట్టి తూటా మార్చడం నిజంగా అవసరమా, ఒకే రకం రెండు చోట్లకూ సరిపోదా అన్నది నా సందేహం.

జవాబు: మాజీ సైనికుడు, సోంపేట

నమస్కారమండీ. తూటాను మంచెకొకటి చొప్పున మార్చవద్దని నా సలహా. ఒక రైఫిల్‌ను ఒక రకం తూటాతో జీరోయింగ్ చేసిన తరువాత, అంటే గుండు గురిపెట్టిన చోటే తగిలేలా దుర్భిణిని సరిపెట్టిన తరువాత, బరువు వేరైన తూటా పెడితే గుండు అదే చోట తగలదు. వంద గజాల దగ్గరే రెండు మూడు అంగుళాలు పక్కకో కిందికో పోవచ్చు. అప్పుడు మంచె మారిన ప్రతిసారీ దుర్భిణి తిప్పాలి, తిప్పినట్టు గుర్తుంచుకోవాలి. తెల్లవారుజామున చలిలో ఆ లెక్క తప్పడం చాలా తేలిక.

ఇక అంకెలకు వస్తాను. సాధారణ .308 తూటాలోని 150 గ్రెయిన్ల (సుమారు 9.7 గ్రాముల) గుండు సెకనుకు దాదాపు 2,800 అడుగుల వేగంతో గొట్టం దాటుతుంది. రెండు వందల గజాల దగ్గర గురి సరిపెడితే, అది వంద గజాల దగ్గర రెండు అంగుళాలు పైన తగులుతుంది, మూడు వందల దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు దిగుతుంది. అరవై గజాల దగ్గర తేడా సుమారు అంగుళమే కాబట్టి ఆ మంచె గురించి ఆలోచించవలసిన పనే లేదు. 180 గ్రెయిన్ల గుండుకు కూడా అలాగే గురి సరిపెడితే, మూడు వందల గజాల దగ్గర రెండింటికీ మధ్య తేడా ఒకటి రెండు అంగుళాలకు మించదు. అదే దూరంలో గంటకు పది మైళ్ల అడ్డగాలి వీస్తే గుండు ఎనిమిది నుంచి పది అంగుళాలు పక్కకు పోతుంది. అంటే మీ మేనల్లుడు గ్రెయిన్ల మీద పెడుతున్న ధ్యాస గాలి మీద పెట్టడం మేలు.

మరొక మాట. మేము సైన్యంలో వాడిన 7.62 తూటా కొలతలు .308కు చాలా దగ్గరగా ఉంటాయి, అక్కడి దుకాణాల్లో అలాంటివి చవకగా కూడా దొరుకుతాయి. వాటిని వేటకు తీసుకోవద్దు. శరీరంలో విచ్చుకునే గుండ్లను యుద్ధంలో వాడకూడదని 1899 నాటి హేగ్ ప్రకటన నిషేధించింది. అందుకే సైనిక గుండుకు పూర్తి లోహపు తొడుగు ఉంటుంది. వేటలో నీతి దీనికి తలకిందులు. విచ్చుకోని గుండు జింక ఒంట్లోంచి సన్నని రంధ్రం చేసుకుంటూ పోతే, ఆ జంతువు మైళ్ల దూరం పరుగెత్తి ఎక్కడో బాధపడుతూ చస్తుంది.

జవాబు: రాజాం వాసి, ప్రస్తుతం టెక్సాస్

సోంపేట మిత్రులు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే అసలు చిక్కు ఆ 168 గ్రెయిన్ల మ్యాచ్ తూటాలో ఉంది. అది కాగితం మీద గుండ్లన్నీ ఒకే చోట పడేలా చేసిన తూటా. దాని గుండు కొసన కనిపించే సన్నని రంధ్రం తయారీ విధానంలో మిగిలినదే గానీ, గుండు విచ్చుకోవడానికి పెట్టినది కాదు. జంతువుకు తగిలినప్పుడు అది ఒకసారి పైననే ముక్కలవుతుంది, మరొకసారి విచ్చుకోకుండానే దూసుకుపోతుంది. ఏది జరుగుతుందో ముందుగా చెప్పలేకపోవడమే దాని లోపం. అందువల్ల పెట్టె మీద మ్యాచ్ అని ఉంటే, అది ఎంత గురి గలదైనా, వేటకు పక్కన పెట్టాలి.

దూరానికీ తూటాకూ సంబంధం లేదని కూడా నేను అనను. ఆ సంబంధం గుండు తగిలే క్షణంలో ఉండే వేగంలో ఉంది. అరవై గజాల దగ్గర ఆ 150 గ్రెయిన్ల గుండు సెకనుకు 2,600 అడుగుల పైచిలుకు వేగంతో తగులుతుంది. మూడు వందల గజాలకు చేరేసరికి అది సుమారు 2,000 అడుగులకు పడిపోతుంది. చాలామంది దూరపు దెబ్బే కష్టమనుకుంటారు గానీ, గుండుకు కఠిన పరీక్ష దగ్గరి దెబ్బే: అంత వేగంలో పలుచని తొడుగు గల గుండు భుజం ఎముకకు తగిలితే చితికిపోయి, లోపలికి దిగక మాంసాన్ని పాడు చేస్తుంది. పూర్తిగా రాగితో చేసిన గుండు దీనికి భిన్నం. అది దగ్గర్లో చెక్కుచెదరదు కానీ, విచ్చుకోవడానికి దానికి కొంత కనీస వేగం కావాలి. చాలావాటికి అది సెకనుకు 1,800 నుంచి 2,000 అడుగుల మధ్య ఉంటుంది. మూడు వందల గజాల దగ్గర ఆ హద్దుకు మీరు చాలా దగ్గరగా వచ్చేస్తారు.

కాబట్టి రెండు మంచెలకూ కలిపి నేనైతే 150 లేదా 165 గ్రెయిన్ల బాండెడ్ గుండు తీసుకుంటాను. అందులో సీసపు గర్భాన్ని రాగి తొడుగుకు అతికించి ఉంచుతారు కాబట్టి అది దగ్గర్లో చెదరదు, దూరంలో విచ్చుకుంటుంది. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసం గుండ్లు పూర్తిగా నిషేధం. అక్కడైతే రాగి తప్ప వేరే దారి లేదు. టెక్సాస్‌లో జింకల వేటకు ఆ నిర్బంధం లేదు.

జవాబు: పాతపట్నం రైతు

పెద్దలు మన్నించాలి. ఈ తూటాల సంగతి మన ప్రాంతానికి వర్తించదా? మా మొక్కజొన్నను అడవిపందులు రాత్రికి రాత్రి పడగొట్టేస్తున్నాయి.

జవాబు: న్యాయవాది, విజయనగరం

పాతపట్నం వారికి ముందుగా: మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషేధం. పంటకు నష్టం చేసే అడవిపంది విషయంలోనైనా అధీకృత అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప తుపాకీ ఎత్తకూడదు. లైసెన్సు గల తుపాకీ చేతిలో ఉండటం ఆ అనుమతికి బదులు కాదు. నష్టపరిహారానికి అటవీ శాఖకు దరఖాస్తు పెట్టండి.

ఆమదాలవలస వారికి: అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సందర్శకుల వీసా మీద వచ్చిన విదేశీయుడు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. దీనికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, అక్కడి రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు కలిగి ఉండటం. ఇక్కడే ఒక మెలిక ఉంది. టెక్సాస్‌లో యజమాని అనుమతి ఉన్న ప్రైవేటు భూమిలో అడవిపందులను కాల్చడానికి 2019 నుంచి వేట లైసెన్సు అక్కరలేదు. దానిని చూసి మీకూ అక్కరలేదనుకుంటే, రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం దగ్గర దొరికిపోతారు. బయటివారికిచ్చే లైసెన్సును ముందే తీసుకుని, ఆ తరువాతే రైఫిల్ ముట్టుకోండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి వేట శిక్షణ ధ్రువపత్రం కూడా కావాలి. తిరుగు ప్రయాణంలో తూటా ఒక్కటి కూడా సామానులో ఉండకూడదు. జ్ఞాపకార్థం తెచ్చుకునే, కాల్చేసిన ఖాళీ తూటా కూడా విమానాశ్రయంలో ఆయుధాల చట్టం పేరిట చిక్కు తెస్తుంది. కోటు జేబులు సైతం వెతుక్కోండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. లైసెన్సు విషయం మా మేనల్లుడికి కూడా తెలియదు, ఈ రాత్రికే చెబుతాను. బాండెడ్ తూటాల పెట్టె ఖరీదెక్కువ అంటున్నాడు. అభ్యాసానికి చవక రకం వాడుకోవచ్చా?

జవాబు: మాజీ సైనికుడు, సోంపేట

వాడుకోవచ్చు. ఊపిరి బిగపట్టడం, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం ఏ తూటాతోనైనా నేర్చుకోవచ్చు, .22 దొరికితే ఇంకా మంచిది; .308 వెనుదెబ్బకు అలవాటు లేని భుజం మొదటి రోజే భయపడకుండా ఉంటుంది. గురి సరిపెట్టడం మాత్రం వేటకు తీసుకువెళ్లే తూటాతోనే, వీలైతే ఒకే లాట్ నంబరు గల (ఒకే విడతలో తయారైన) పెట్టెలతోనే చేయాలి. మూడు వందల గజాల దగ్గర మీ గుండ్లు ఎనిమిది అంగుళాల వలయంలో పడకపోతే, ఆ దూరపు మంచెను మీ మేనల్లుడికి వదిలి మీరు తుప్పల మంచె ఎక్కండి.